కార్మిక నాయకుని భృతి

శ్రమించువారి పక్షమున మాటలాడువాడు ఆ శ్రమించువారి చందాతోనే జీవింపవలసి వచ్చినప్పుడు అతనికి ఎంత వేతనము నీయవలెను? ఈ ప్రశ్న పైకి లెక్కల ప్రశ్నవలె కనిపించును. కాని లోతున నున్నది ధర్మ ప్రశ్న. గనిలోనో, మిల్లులోనో, రైలు మార్గముపైననో పనిచేయు వేలాది మంది తమ కూలినుండి కొంత తీసి సంఘమునకు చెల్లింతురు. ఆ సొమ్మునుండియే కార్యదర్శికి జీతమును, ప్రయాణపు ఖర్చును, ఒక్కొక్కచోట ఇల్లును, వాహనమును సమకూరును. ఇచ్చువాని చేతికి కాయలు కాచియున్నవి. పుచ్చుకొనువాని చేతిలో కాగితములు మాత్రమున్నవి. ఈ రెండు చేతుల నడుమ న్యాయమైన కొలత యేది?

లోకమున దీనికి రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. నాయకుడు త్యాగి కావలెను, అతడు కార్మికుని సొమ్ము ముట్టరాదు అనునది మొదటిది. నాయకుడు కోటీశ్వరులగు యజమానులతో సమానముగా కూర్చుండి బేరమాడువాడు గావున వారి మేనేజర్ల జీతమునకు తగినంత జీతము అతనికిని ఉండవలెననునది రెండవది. మొదటి మాట వినుటకు ఇంపుగా నుండును. రెండవది వ్యవహార జ్ఞానముగా తోచును. బసవేశ్వరుడును కల్యాణ శరణులును చూపిన మార్గమున నిలిచి పరిశీలించినచో రెండింటియందును లోపము కనబడును.

వీరశైవుల పంచాచారములలో మూడు ఈ విచారమునకు ముఖ్యములు. న్యాయమైన కాయకముచే జీవించుట సదాచారము. తన గణమునకు అన్యాయము జరిగినప్పుడు లేచి నిలుచుట గణాచారము. భక్తులకు తాను సేవకుడనని యెరిగి మెలగుట భృత్యాచారము. కార్మిక నాయకుని పని గణాచారమునకు చేరినదని ఎవరైనను ఒప్పుకొందురు. అతడు ఒక గణము కొరకు ఎదిరించి నిలుచును. అయితే గణాచారము ఒంటరిగా నిలువదు. భృత్యాచారము తోడులేని గణాచారము అహంకారముగా మారును. గణము కొరకు పోరాడువాడు కొంతకాలమునకు గణమే తనదని తలచును.

“భృత్యుడు” అను పదమును విప్పి చూచినచో విషయము మరింత స్పష్టమగును. భృతి యనగా పోషణము, కూలి. భృతి గొనువాడు భృత్యుడు. ఎవని భృతి గొనునో వానికే అతడు సేవకుడు. కావున నాయకుడు కార్మికులనుండి జీతము పుచ్చుకొనుట తనంతట దోషము కాదు సరికదా, వారికి అతనిని కట్టివేయు బంధమే అది. ఆ బంధమును అసలు లేకుండ చేయుటయు, విపరీతముగా పెంచుటయు, రెండును అతనిని భృత్యత్వమునుండి తప్పించును. కనుక ఎంత యనుదానికంటె ముందు ఎవరివలన, ఎవరి నిర్ణయముచే, ఎవరి యెదుట అని అడుగవలసియున్నది.

మొదటి సమాధానమును మన దేశ చరిత్ర చాలకాలము పరీక్షించినది. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో మిల్లు కార్మికుల సంఘము ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షుడైన బి. పి. వాడియా దివ్యజ్ఞాన సమాజమునకు చెందినవాడు. మగ్గము నడిపినవాడు కాడు. తెలుగు కుటుంబమున 1894లో బరంపురమున జన్మించి, రైల్వే కార్మికోద్యమమున పేరొంది, 1969లో రాష్ట్రపతి యైన వి. వి. గిరి న్యాయశాస్త్రము చదివినవాడు. ఇట్టివారు లేకున్నచో చదువురాని కూలీల మొర అధికారుల చెవిని పడియుండెడిది కాదు. వారి సేవ స్మరణీయము.

అయినను ఆ పద్ధతికి ఒక మూల్యమున్నది. 1926 నాటి కార్మిక సంఘముల చట్టము సంఘ నిధినుండి కార్యవర్గ సభ్యులకు జీతము లిచ్చుటను స్పష్టముగా అనుమతించెను. కాని జీతమిచ్చుటకు సొమ్మెక్కడ? 1960లో జరిగిన సవరణ సభ్యత్వ చందాకు నిర్ణయించిన కనీసపు మొత్తము నెలకు 25 పైసలు. 2001 సవరణ దానిని సంవత్సరమునకు 12 రూపాయలు చేసినది. అసంఘటిత కార్మికులకు 3 రూపాయలు, గ్రామీణ కార్మికులకు ఒక్క రూపాయి. ఇది చట్టము చెప్పిన కనీసము మాత్రమే. ఎక్కువ వసూలు చేసిన సంఘములును కలవు. అయినను ఇంత స్వల్పమైన చందాపై నడచు సంఘము ఒక కుటుంబమును పోషించు జీతమీయలేదు. కావున నాయకత్వము సహజముగా వేరే ఆదాయమున్న వారికి దక్కెను: న్యాయవాదులకు, రాజకీయ పక్షముల పూర్తికాలపు కార్యకర్తలకు. అదే చట్టము తొలుత కార్యవర్గమున సగమువరకు బయటివారిని అనుమతించి, 2001లో ఆ సంఖ్యను మూడవ వంతునకో అయిదుగురికో, ఏది తక్కువైన దానికి, కుదించుట ఈ అనుభవ ఫలితమే.

జీతము పుచ్చుకొనని నాయకుడు ఆకాశమును భుజించి జీవింపడు. అతనికి ఎవరో పెట్టుచునే యుందురు. పక్షము పెట్టినచో అతడు పక్షమునకు భృత్యుడు. ఎన్నికల కాలమున సమ్మె ప్రారంభమగుటయు ఆగుటయు పక్షపు సౌకర్యమును బట్టి జరుగును. యాజమాన్యము పెట్టినచో, అనగా పనిలోనికి దిగకున్నను పూర్తి కూలి చెల్లించి, సంఘపు పని పేర మినహాయింపు నిచ్చినచో, అతని మొగము ఏ వైపునకు తిరుగునో ఊహింపవచ్చును. అనేక పెద్ద సంస్థలలో ఈ మినహాయింపు అలవాటైపోయినది. సంప్రదింపులకు అది కొంత అవసరమే కావచ్చును. కాని ఏండ్ల తరబడి పనిముట్టు ముట్టక కూలి పుచ్చుకొనువానికి దానిని కోల్పోవుదునేమో యను భయము పట్టుకొనును. ఇక సొంత ఆస్తితో సేవచేయువానిని ప్రశ్నించుటకు కార్మికునకే నోరు రాదు. ఉచితముగా సేవ పొందినవాడు లెక్క అడుగుటకు సిగ్గుపడును. ఈ విధముగా త్యాగము కూడ ఒక సింహాసనము కాగలదు.

త్యాగమునే సంస్థకు నియమముగా విధించినచో ఏమగునో అమెరికాలోని వ్యవసాయ కూలీల సంఘపు కథ చెప్పును. 1962లో సీజర్ చావెజ్ ప్రారంభించిన ఆ ఉద్యమమున కార్యకర్తలకు భోజన వసతులును, వారమునకు 5 డాలర్లును మాత్రమే లభించెడివి. ద్రాక్ష తోటల కూలీలకు ఆ త్యాగము విజయములను తెచ్చెను. కాని ఏండ్లు గడచి, పిల్లలు పెరిగి, కుటుంబ భారము హెచ్చిన కార్యకర్తలు తగిన వేతనమును కోరిరి. 1978లో సంఘము పాత పద్ధతినే పట్టుకొనుటచే, ఏండ్ల తరబడి దాని వ్యాజ్యములు నడపిన న్యాయవాదులనేకులను కోల్పోయెను. యౌవనమున నిండు మనస్సుతో చేయు త్యాగము వేరు. గృహస్థుపై శాశ్వతముగా మోపు త్యాగము వేరు. శరణ ధర్మము సంసారమును విడువుమని చెప్పలేదు. కల్యాణమున కాయకము చేసిన శరణులలో అధికులు గృహస్థులే.

ఇక రెండవ సమాధానము. ఇంగ్లండులో రైల్వే, సముద్ర రవాణా కార్మికుల సంఘమునకు 2002 నుండి 2014 మార్చిలో మరణించువరకు ప్రధాన కార్యదర్శిగా నుండిన బాబ్ క్రో విషయమున ఈ వాదము బహిరంగముగా సాగెను. ఆయన లండను భూగర్భ రైలు మార్గములలో పనిచేసి పైకి వచ్చినవాడు. ఆయన జీతము లక్ష పౌండ్లకు చేరువైనదని పత్రికలు నిందించినవి. పురపాలక సంస్థ అద్దెకిచ్చిన సామాన్య గృహముననే నివసించినందుకును ఆ పత్రికలే నిందించినవి. ఆయన పక్షమువారి జవాబు బలమైనది: ఆయన కాలమున సంఘ సభ్యత్వము దాదాపు 57 వేలనుండి దాదాపు 80 వేలకు పెరిగెను, సభ్యుల జీతములును పెరిగెను, కోట్ల పౌండ్ల వ్యవహారమును నడపు అధికారులతో తలపడువానికి ఆ జీతము అధికము కాదు. కంపెనీ అధికారి పుచ్చుకొను దానిలో పదియవ వంతు కూడ లేని జీతమును చూచి గుండెలు బాదుకొనువారు ఆ అధికారిని ఏల ప్రశ్నింపరను మాటయందును న్యాయమున్నది.

ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. దక్షతకు విలువ కలదు. కాని ఇందులో ఒక పొరపాటున్నది. సేవవలన కలిగిన లాభమును బట్టి సేవకుని వేతనమును లెక్కించుట వ్యాపార నీతి. ఆ నీతినే యజమాని కూడ వల్లించును: నావలన ఇంత లాభము వచ్చినది, కావున నాకు ఇంత భాగము. యజమాని నోట తప్పని తోచిన తర్కము నాయకుని నోట ఒప్పు కాజాలదు. అంతకంటె ముఖ్యమైన విషయమొకటి సమ్మె కాలమున బయటపడును. సమ్మె జరిగిన ప్రతి దినము కార్మికుని కూలి పోవును. ఇంట పొయ్యి వెలుగుట కష్టమగును. ఆ దినములలో నాయకుని జీతము యథాప్రకారముగా వచ్చుచుండినచో, మరి పది దినములు నిలుడని చెప్పు అధికారము అతనికెక్కడిది? ఇంకను నిలువలేమను మాట వినుటకు అతనికి చెవియెట్లు వచ్చును? జీతముల నడుమ దూరము పెరిగిన కొలది బాధల నడుమ దూరము పెరుగును. నాయకుడు దుర్మార్గుడు కానక్కరలేదు. బియ్యపు ధర మరచినవాడైన చాలును.

ఈ ప్రమాదమును గుర్తించినవారు వివిధ దేశములలో కొలతలను నిర్ణయించుకొనిరి. 1871 ఏప్రిలులో పారిస్ కమ్యూన్ తన అధికారులలో ఎవరికిని సంవత్సరమునకు 6,000 ఫ్రాంకులకు మించిన జీతముండరాదని శాసించెను. అమెరికాలోని విద్యుత్ పరికరముల కార్మికుల సంఘము, ఆ పరిశ్రమలో పనిచేయు కార్మికుని అత్యధిక వేతనమును తన నాయకుల జీతము మించరాదని తన నిబంధనావళిలోనే వ్రాసికొన్నది. ఇది చక్కని కొలత. సభ్యుని కూలి పెరిగినప్పుడే నాయకుని జీతము పెరుగును. తన కొరకు వేరుగా అడుగవలసిన పని అతనికి లేదు. మన దేశమున శంకర్ గుహా నియోగి ఇట్టి నిబంధన లేకుండగనే ఈ ధర్మమును ఆచరించెను. స్వయముగా గనిలో కూలిగా పనిచేసి, 1977లో దల్లీ రాజహరా ఇనుప గనుల కార్మికులను సంఘటితపరచి, వారి నడుమ వారివలెనే జీవించెను. ఆ కార్మికుల చందాలును చెమటయు కలిసి 1983లో శహీద్ ఆసుపత్రియైనవి. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో ఆయన హత్యకు గురియైనప్పుడు కార్మికులు తమ యింటివానినే పోగొట్టుకొన్నట్లు దుఃఖించిరి.

జీతమొక్కటే చూచిన చాలదు. జీతము చిన్నదై, దాని చుట్టును పెరుగు సౌకర్యములు పెద్దవగుట తరచుగా జరుగును. ఇంగ్లండు గని కార్మికులను 1984 మార్చి నుండి 1985 మార్చి వరకు మహా సమ్మెయందు నడిపిన ఆర్థర్ స్కార్గిల్ పట్టుదల లోకవిదితము. అట్టివాడును తరువాతి కాలమున లండనులోని ఒక నివాసపు ఖర్చును గురించి తన సంఘముతోనే వ్యాజ్యమాడవలసి వచ్చెను. ఆ ఖర్చును సంఘము ఇకపై భరింపనక్కరలేదని 2012 డిసెంబరులో న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇందులో దొంగతనమేమియు లేదు. ఒకనాటి అవసరము కాలక్రమమున హక్కుగా ఘనీభవించుటయే యున్నది. అమెరికా మోటారు కార్మికుల సంఘమున జరిగినది అంతకంటె ఘోరము. సంఘపు సొమ్మును విలాస గృహములకును, గోల్ఫు ఆటకును, చుట్టలకును వెచ్చించిన వ్యవహారమున ఇద్దరు మాజీ అధ్యక్షులు 2020లో నేరము నంగీకరించి 2021లో చెరసాల శిక్షలు పొందిరి. ఆ సంవత్సరముననే సభ్యులు, తమ నాయకులను ఇకపై తామే ప్రత్యక్షముగా ఎన్నుకొందుమని ఓటుచేసి నిర్ణయించుకొనిరి. దుర్వ్యయమునకు మందు సభ్యుల చేతిలోనే యున్నదని వారు గ్రహించిరి.

కొలత ఎట్లుండవలెనో కల్యాణమునకు చెందిన ఒక దంపతుల కథ ఎనిమిది వందల యేండ్లకు ముందే చెప్పినది. ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అతడు అలవాటు కంటె అధికముగా బియ్యము తెచ్చెను. అతని భార్య లక్కమ్మ ఆ బియ్యమును చూచి సంతోషింపలేదు. ఆనాటి దాసోహమునకు వలసినంతకంటె మించినది తమది కాదనియు, మించినదానిని తెచ్చినచోటనే పోసి రమ్మనియు అతనిని పంపెను.

ఈ కథను పేదరికపు స్తోత్రముగా చదువుట తప్పు. లక్కమ్మ ఆకలితో పండుకొనుదమని చెప్పలేదు. ఆనాటి అవసరమును, అతిథిగా వచ్చు జంగమునకు పెట్టవలసిన దానిని లెక్కలోనికి తీసికొన్నది. అవసరమునకు తక్కువయు ఆమె కోరలేదు, ఎక్కువయు ఉంచుకొనలేదు. మారయ్య ఆ గింజలను దొంగిలించినవాడు కాడు. రాలిన గింజలను న్యాయముగనే ఏరెను. అయినను న్యాయముగా చేతికి వచ్చినదంతయు తనదే యనుకొనరాదని లక్కమ్మ యెరుగును. ఇందు గమనింపదగిన మరియొక సూక్ష్మము కలదు. మారయ్యను ఆపినది రాజు కాదు, తలవరి కాదు. ఆ బియ్యమును అతనితో కలిసి వండుకొని తినవలసిన మనిషియే ఆపినది. అధికమువలన తనకును లాభము కలుగునప్పుడు వలదని చెప్పగలిగినదే నిజమైన తనిఖీ. ప్రతి సంఘమునకును ఒక లక్కమ్మ కావలెను. నాయకుని పక్కన కూర్చుండి, అతని సౌకర్యములలో పాలుపంచుకొను కార్యవర్గమే, ఇది మన అవసరమునకు మించినదని చెప్పగలుగవలెను.

అట్లు చెప్పుటకు లెక్క కనబడవలెను. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున జీతము పుచ్చుకొన్న భండారి. భండారపు సొమ్ము జంగములకు వ్యయమగుచున్నదని నింద పుట్టినప్పుడు ఆయన కోపింపలేదు. తన భక్తిని ఋజువుగా చూపి తప్పించుకొననులేదు. పెట్టెలు తెరిపించి లెక్కింపజేసెను. సొమ్ము సరిగా నుండెను. పాల్కురికి సోమనాథుడు తెలుగు బసవపురాణమున వర్ణించిన ఈ ఘట్టమును మహిమగా మాత్రమే తలచువారు కలరు. అందలి నీతి మహిమ కంటె చిన్నది కాదు. సత్పురుషుడని పేరున్నవాడు కూడ పెట్టె తెరువవలెను.

నేటి చట్టములు ఈ నీతినే వేరు భాషలో చెప్పుచున్నవి. అమెరికాలో 1959 నాటి చట్టము సంఘముల నాయకులకు చెల్లించిన సొమ్ము వివరములను ప్రభుత్వమునకు సమర్పింపజేసి ప్రజలందరికిని అందుబాటులో నుంచినది. బ్రిటనులో 1992 నాటి చట్టము, తరువాతి సవరణతో, అధ్యక్షునకును, ప్రధాన కార్యదర్శికిని, కార్యవర్గ సభ్యులకును ముట్టిన జీతమును, ఇతర ప్రయోజనములను ప్రతి సంవత్సరము సభ్యులకు తెలియజేయవలెనని విధించినది. మన 1926 చట్టము సంవత్సరాంతపు లెక్కలను రిజిస్ట్రారునకు పంపవలెననియు, లెక్కల పుస్తకములను సభ్యుడు చూడవచ్చుననియు చెప్పెను. ఆ చట్టపు స్థానమున 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. చట్టము మారవచ్చును. కాని చూచు హక్కున్నను చూడని సభ్యుడున్నంతకాలము ఏ చట్టమును పెట్టెను తెరువజాలదు. లెక్క అడుగుట అవమానించుట కాదు. అడిగినవానిని ద్రోహియనుటయే అవమానము.

ఈ విచారమునుండి తేలిన ధర్మమును సంగ్రహముగా చెప్పవచ్చును. నాయకునకు భృతి యుండవలెను. అది అతని కుటుంబ పోషణకును, పిల్లల చదువునకును, వార్ధక్యమునకును చాలవలెను. ఏలనన ఆకలిగొన్న నాయకుని కొనుట సులభము. ఆ భృతి సభ్యుల చేతినుండియే రావలెను. అందులకు సభ్యులు నోటితో పొగడుట మాని తగినంత చందా చెల్లింపవలెను. అది సభ్యుల కూలికి ముడిపడి, దానితో పెరిగి, సమ్మె నాడు దానితోపాటు తరుగవలెను. ఇల్లు, వాహనము, ప్రయాణము అన్నియు జీతముతో కలిపి సభయందు చదివి వినిపింపవలెను. పదవి ముగిసిననాడు అతడు తిరిగి తన కాయకమునకు పోగలుగవలెను.

ఈ కొలత కార్మిక సంఘములకు మాత్రమే పరిమితము కాదు. ఇతరుల చెమటతో వచ్చిన సొమ్మును పుచ్చుకొని, ఇతరుల పేర మాటలాడువారందరికిని ఇది వర్తించును. సమాజ సంఘముల కార్యదర్శులకు వర్తించును. విద్యార్థి వసతి గృహముల నిధులను నిర్వహించువారికి వర్తించును. భక్తులు తెచ్చిన కానుకలను స్వీకరించు మఠములకును వర్తించును. కార్మిక నాయకుని కారును చూచి ముక్కున వేలిడుకొను భక్తుడు, తన మఠపు జమాఖర్చులను ఒక్కసారియైన చదివెనా? గురువైనను జంగముడైనను కాయకము తప్పదని నులియ చందయ్య నిర్భయముగా బోధించెను. త్రాడు పేని జీవించిన ఆ శరణునకు పీఠములయెడ గౌరవము తక్కువై కాదు. పీఠము నిలుచునది కాయకముపైననే యని ఆయన యెరుగును.

దాసోహమనగా ఇచ్చుట మాత్రమే కాదు. “నేను దాసుడను” అను భావము అందు ఇమిడియున్నది. కార్మికుడిచ్చు చందాయు దాసోహమే. దానిని పుచ్చుకొను చేయి దాసుని చేయిగా నున్నంతకాలము పుచ్చుకొన్న ప్రతి రూపాయియు పవిత్రము. అది ప్రభువు చేయిగా మారిననాడు ఒక్క రూపాయియు అధికమే. అట్లు మించిన గింజలను ముంగిటికి తిరిగి చేర్చుట మారయ్య పని. చేర్పించుట లక్కమ్మ పని. రెండవ పని మొదటిదానికంటె కఠినము. నేటి సంఘములకు కొరవడినది ఆ పని చేయువారే.